కొండసింహానికి ఇస్త్రీపెట్టె గురి

టెన్త్ తప్పి బడికి దణ్ణం పెట్టినవాణ్ణి నేను. అయినా తెలియని సంగతి మీద సలహా చెప్పడంలో పీహెచ్‌డీలు కూడా నా ముందు దిగదుడుపే.

ఇంగ్లండులో, స్విండన్ ఊళ్ళో మా పక్కింటి ఇంగ్లీషాయన్ని అంకుల్ అనేవాణ్ణి. మొదట్లో తను నాకు ఏ వైపు చుట్టమో చెప్పమని అడిగేవారు, తర్వాత అలవాటుపడిపోయారు. రిటైరైన మనిషి. లండన్లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, అమెరికా కొండల్లో వేటకుక్కల్ని పెంచే మేనల్లుడు ఆయన్ని కొండసింహం వేటకు రమ్మన్నాడు. పేరుకే సింహం. జూలుండదు, మన చిరుతంత ఉంటుంది. కుక్కలు వాసన పట్టి తరిమితే చెట్టెక్కి కూర్చుంటుంది. మంచులో వాటి వెనక కొండెక్కాలి కాబట్టి, పొడుగు తుపాకీ మోయలేక కొందరు నడుముకి రివాల్వరు కట్టుకుని వెళ్తారట. చెట్టు కింద నుంచి దగ్గరగా కాల్చడమే.

మేనల్లుడి దగ్గర అలాంటి రివాల్వర్లు రెండున్నాయి. ఒకటి త్రీ ఫిఫ్టీసెవెన్, రెండోది దానికంటే పెద్ద తూటా పట్టే ఫార్టీఫోర్. ఏది చేతికి నప్పుతుందో తేల్చుకుని రమ్మన్నాడు, ఏదీ నప్పకపోతే ఊరికే చూసి వెళ్ళమన్నాడు. అంకుల్‌కి ఊరికే చూడాలని లేదు. ఈసారి తప్పితే మోకాళ్ళు మళ్ళీ కొండెక్కనివ్వవని ఆయన బెంగ.

నన్నెవరూ అడగలేదు. అయినా గోడ మీదుగా ఫార్టీఫోరే తీసుకోమని తీర్పిచ్చేశాను. మా ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. నా పెళ్ళి సూటులో ఇంకో పెళ్ళికొడుకు పట్టేవాడు. కుక్కరైనా పిల్లాడి బూట్లైనా, పెద్దదుంటే పోయేదేముంది అన్నది మా వంశమంత్రం. తూటాకి మాత్రం వేరే శాస్త్రమా?

"గురి తప్పి గాయమైతే అది ఎక్కడికి దూకుతుంది?" అన్నారు అంకుల్.

"కిందికి."

"కింద ఎవరుంటారు?"

కుక్కలు. నా బుర్రలో అప్పటిదాకా చెట్టూ సింహమూ నేనూ మాత్రమే ఉన్నాం. నిజానికి అందులో నేనుండాల్సిన పనే లేదు. గాయపడ్డ సింహం కుక్కల మధ్య పడితే మేనల్లుడికి మిగిలేవి తక్కువట. దాని తోలు మందం కాదు, ఎముకలు ఎలుగుబంటివంత బండవి కావు. పడాల్సిన చోట పడితే చిన్న తూటా చాలు.

పడాల్సిన చోట పడుతుందా అన్నదే ఆయన అనుమానం. ఈ దేశంలో రివాల్వరు ముట్టుకుని చూసే వీల్లేదు. అందుకని దాని బదులు, బరువుంటుందని, మా ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళాను. వాళ్ళ షెడ్డు మీద ఎవరిదో బూడిదరంగు పిల్లి పడుకునుంది. అంకుల్ రెండు చేతులతో ఇస్త్రీపెట్టె ఎత్తి దానికి గురిపెట్టారు. పేలినప్పుడు తుపాకీ ఎగిరినట్టు నేను కింద నుంచి చరచాలి. ఫార్టీఫోర్‌కి గట్టిగా, త్రీ ఫిఫ్టీసెవెన్‌కి కాస్త మెల్లగా. ఆంటీ వంటింటి కిటికీలోంచి ఓసారి చూసి కర్టెన్ వేసేశారు.

ఫార్టీఫోర్ అనగానే, నేను చెయ్యి లేపకముందే ఆయన కళ్ళు మూసుకుపోయాయి. పెట్టె ముక్కు కిందికి వాలింది. మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. దెబ్బ రాకముందే ఒళ్ళు బెదురుతోంది. అలా వాలితే తూటా గుండెకి తగలదు, కాలికో పొట్టకో తగులుతుంది. ఆయన మొహం చూసి, నోటిదాకా వచ్చిన జోకు మింగేశాను. నా జీవితంలో అరుదైన ఘట్టం.

మెల్ల చరుపుకి మొదట రెప్పలు ఆడాయి. తర్వాత ఆడలేదు. పెట్టె పైకి లేచినా ఆయన చూపు పిల్లి మీదే ఉంది.

"ఇప్పుడు నువ్వు పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. ఆయన ఇంకా చెయ్యి ఎత్తనేలేదు, నేను కళ్ళు మూసుకుని పెట్టె వదిలేశాను. నా బొటనవేలి మీద. పిల్లి ఆవలించి అటు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రమే మేనల్లుడికి ఫోన్ చేసి చిన్నదే చాలన్నారు. కాస్త నామోషీగానే అన్నారట. అవతలివాడు తనూ అదే కట్టుకు తిరుగుతానన్నాక గొంతు లేచింది.

చలికాలంలో అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేశారు. సింహం పడిందా అంకుల్ అని నేనడుగుతుంటే, ఆయన కుక్కల సంగతే చెప్తున్నారు. ఏది ముందు వాసన పట్టింది, ఏది గొంతు పోయేలా మొరిగింది. చాలాసేపటికి, ఒక్క తూటాకే కొమ్మ మీదే ప్రాణం పోయిందని ఒక ముక్కలో చెప్పారు.

"కుక్కలు?" అన్నాను.

"నిద్రపోతున్నాయి. ఒకటి నా కాళ్ళ మీదే పడుకుంది, లేవలేకపోతున్నా" అన్నారు.