బావగారి నోటిలెక్క

రిపేరు షాపులో బావగారికి పదేళ్లుగా ఒక గొప్ప ఉండేది. చవగ్గా కొన్న పవర్ సప్లై పెట్టె పన్నెండు వోల్టులని చూపిస్తే, ఏదైనా సామాను తగిలించి లోడు పెట్టాక బయటికొచ్చేది పదకొండున్నరే. ఏ లోడుకి ఎంత తీసెయ్యాలో ఆయన ఒక్కడికే నోటికొచ్చు. "బావా, ఇప్పుడెంత?" అని బామ్మర్ది రోజుకు పదిసార్లు అడిగేవాడు.

ఓ రోజు అడగడం మానేశాడు. పెట్టె విప్పి, డిస్‌ప్లేకి వెళ్లే తీగలను లోపలి బోర్డు నుంచి ఊడదీసి, కరెంటు బయటికొచ్చే ముందువైపు టెర్మినళ్లకే అతికించాడు, నిజంగా వచ్చేదే చూపించేలా. చిన్న స్క్రూ తిప్పి, అంకెను మీటరుకు సరిపెట్టాడు.

"మా తమ్ముడి చేతిలో ఏదో ఉందండీ," అంది టీ తెచ్చిన భార్య.

"ఆఁ, స్క్రూడ్రైవరుంది," అన్నాడాయన. టీ గ్లాసు పక్కకు నెట్టేశాడు.

బామ్మర్ది భోజనానికి వెళ్లగానే ఆయన తన సొంత మీటరు తీశాడు. మూడు వోల్టుల నుంచి ముప్పై దాకా, లోడు మార్చి మార్చి తప్పు వెతికాడు. ఒక్కటంటే ఒక్కటీ దొరకలేదు. ఇక ఆయన్ని అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు.

తిరిగొచ్చిన బామ్మర్ది, టెర్మినళ్లకు తగిలించి ఉన్న మీటరు చూసి నవ్వాడు. "ఏం బావా, తప్పుందా?"

ఆయన మీటరు తీగలు ఒక్కొక్కటే ఊడదీసి చుట్టాడు.

"లేదురా," అన్నాడు చివరికి. "అదే నా ఏడుపు."