నల్లకోటు లాయరమ్మ, మా పిన్ని

మొన్న మార్కాపురం బస్టాండులో త్రిపురాంతకం బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కన ఒకావిడ ఫోనులో పాత సీరియల్ పెట్టుకుంది. ముందు సితారు మోగింది, తర్వాత తబలా, ఆ వెనక ఒక ఆడగొంతు పైకి లేచింది. నా బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. నేను లేవలేదు.

ఆ పాట మా పిన్నిది. పాడింది ఎవరో హిందీ గాయని అయినా, తర్లుపాడు దగ్గర మా పల్లెలో మాత్రం అది పిన్నిదే. అమ్మకు ఆఖరి చెల్లెలు, నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. అప్పట్లో ఊరంతటికీ ఒకటే టీవీ, పెద్ద రైతు ఇంట్లో. కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, మా పేట ఆడవాళ్ళు వాళ్ళ వసారాలో కూర్చుని కిటికీలోంచి చూసేవాళ్ళు. ఆ సీరియల్లో ఒక లాయరమ్మ నల్లకోటు వేసుకుని స్కూటరు మీద కోర్టుకు పోయేది. హిందీ ఎవరికీ ఒక్క ముక్క రాదు. "ఏమంటా ఉంది పిన్నీ?" అని నేనడిగితే, "తప్పు నీదే, నాది కాదు అంటా ఉంది" అని చెప్పేది. ఏ వారం అడిగినా అదే అర్థం. పాట మధ్యలో కరెంటు పోతే మిగతాది తనే పూర్తి చేసేది, హిందీ మాటలకు బదులు నోటికొచ్చిన మాటలు పెట్టి. ఒక ఆదివారం చర్చిలో పరధ్యానంగా ఆ రాగమే అందుకుంది. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "మంచి కీర్తన. ఏ పుస్తకంలోదమ్మా?" అని అడిగారు. అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పిన్నిని ముండ్లమూరు వైపు ఇచ్చారు. ఏడాది తిరక్కముందే కట్టు కట్టిన చేత్తో వచ్చింది. మొగుడు తాగి కొట్టినాడని చెప్పింది, ఇంకేమీ చెప్పలేదు. అతను తన పెద్దలతో వచ్చిన రోజు చర్చి వరండాలో పంచాయితీ పెట్టారు. ఆడవాళ్ళు మెట్ల కింద నిలబడాలి, మాట్లాడకూడదు. మా పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని, "కాపురమన్నాక ఇట్లాంటివి ఉంటాయి. సర్దుకొని పోవాల. ఆడదానికి ఓర్పు ఉండాల తల్లీ" అన్నాడు. పిన్ని నా చెయ్యి వదిలి మెట్లెక్కింది.

"ఓర్చుకున్నా పెదనాయనా. ఈ చెయ్యి ఇరిగిందాక ఓర్చుకున్నా. రెండోది గూడా ఇరిగినాక వచ్చి చెప్పమంటావా? తప్పు ఆయనది. నేను పోను."

వరండాలో పెద్దలు చెప్పులు తడుముకోసాగారు. అమ్మమ్మ ఏడుస్తోంది. తాత మాత్రం లేచి, "పద, ఇంటికి పోదాం" అన్నాడు.

ఇంట్లో ఊరికే కూర్చునే మనిషి కాదు కదా, మార్కాపురం దగ్గర ఒక పలకల మిల్లులో చేరింది. సాయంత్రం ఆటో దిగేసరికి కనురెప్పల మీద కూడా రాతిపొడి. నన్ను నవ్వించడానికి, "చూడు, ముసిలిదాన్నయి వచ్చినా" అనేది. రాయి కోసేటప్పుడు నీళ్ళు చల్లితే దుమ్ము లేవదని ఎవరో చెబితే, యజమానిని అడిగింది. తాగడానికే నీళ్ళు లేవన్నాడు. మరునాడు తోటి ఆడవాళ్ళందరినీ తీసుకుని గేటు బయట కూర్చుంది. వాళ్ళు లోపలికి వెళ్ళింది నీళ్ళ ట్యాంకు వచ్చాకే.

ఆ నీళ్ళు మిగతావాళ్ళకు అందాయి. పిన్ని ఛాతీలోకి అప్పటికే చేరాల్సింది చేరిపోయింది. మొదట దగ్గు, తర్వాత ఆయాసం. నేను నర్సింగు చదువుతున్న రోజుల్లో సెలవులకు వస్తే, చాలాసేపటిదాకా ఆమెలో ఏం తగ్గిందో తెలియలేదు. పొయ్యి ముందు కూర్చుని ఏదో ఒకటి పాడుకునే మనిషి పాడటం మానేసింది. గొంతు పోలేదు, పాడటానికి ఊపిరే చాలడం లేదు.

ఆస్పత్రిలో నేనే దగ్గరున్నాను. అమ్మ బయట ఎవరితోనో, "ఆ రోజు మొగుడితో పోయింటే బతికేది గదా" అనడం మా ఇద్దరికీ వినపడింది. పిన్ని మాస్కు పక్కకు జరిపి, ఆగి ఆగి అంది: "మీ అమ్మను ఏమనొద్దు పాపా. దానికి నేనంటే ప్రాణం. కానీ అక్కడికి పోయింటే ఊపిరి ఉండేది, అంతే. అది బతుకు గాదు."

తెల్లారేసరికి ఆ ఊపిరి కూడా లేదు. ఆమె జుట్టులో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

ఆ వయసు నేను దాటిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎప్పుడైనా కలలో కనిపిస్తే, "పిన్నీ" అని పిలవడానికి నోరు రాదు. ఏడాదికేడాది నాకంటే చిన్నదైపోతోంది.