నీలం చార పక్షి

ఏలూరు చుట్టుపక్కల కెమెరా పట్టిన వాళ్లందరి ముందు ఒకే ఉదయం నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు నేను తప్ప అందరూ నవ్వారు, మీరు మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

తాడేపల్లిగూడెం వదిలి కైకలూరులో గది తీసుకున్న కొత్తలో సంగతి. చేపల మేత అమ్మే కంపెనీలో గుమస్తా ఉద్యోగం. పగలంతా మేత బస్తాలకు బిల్లులు రాయడం, సాయంత్రం మెస్సులో గోడకేసి చూస్తూ తినడం. ఆ ఊళ్లో నన్ను పలకరించేది మెస్సు ఆయన ఒక్కడే, అదీ "కొంచెం పప్పు వేయమంటారా అండీ" అని. ఉండబట్టలేక ఒక పాత కెమెరా కొన్నాను. కెమెరా ఉన్నవాడు ఒంటరిగా తిరిగితే కళాకారుడంటారు, లేనివాడు తిరిగితే అయ్యో పాపం అంటారు.

తెల్లవారగానే కొల్లేరు వైపు చేపల చెరువుల గట్లు పట్టుకు తిరిగేవాణ్ని. నేను ఫోకస్ సరిచేసుకునేలోగా పక్షి ఎగిరిపోయేది. నా దగ్గరున్నన్ని ఖాళీ ఆకాశం ఫొటోలు ఎవరి దగ్గరా ఉండవు. అలాంటి రోజుల్లో ఒక చెరువు నడిమధ్యన, మంచులో, అది కనిపించింది. తెల్లటి పెద్ద పక్షి, పొట్ట మీద నీలం చార. మెల్లగా కెమెరా ఎత్తాను. ఎగరలేదు. మర్నాడూ అక్కడే ఉంది.

షట్టర్ స్పీడు, వెలుతురు, అన్నీ దాని మీదే నేర్చుకున్నాను. గట్టుకి అడ్డంగా ముళ్లకంచె, నా లెన్సేమో అంత దూరం అందదు, మంచు విడేసరికి ఆఫీసుకి పరుగెత్తాలి. గాలి వీస్తే అది రెక్క కాస్త విదిలించేది. కొన్నాళ్లకి దానితో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏమ్మా, నువ్వూ ఒక్కదానివేనా" అనేవాణ్ని. మేనేజరు తిట్టిన సంగతి, గదిలో నిద్ర పట్టని సంగతి, అన్నీ చెప్పుకున్నాను. మధ్యలో లేచి వెళ్లిపోకుండా నా మాట విన్న ప్రాణి అదొక్కటే.

ఏలూరు ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో నేను ఏం పెట్టినా ఎవరూ పలికేవారు కాదు. ఈ పక్షిని పెట్టగానే స్టూడియో నడిపే బాషా గారు ఫోన్ చేశారు.

"ఏవండీ, ఆ నీలం చార మీరు కలిపింది కాదు కదా?"

"లేదండీ, దాని ఒంటి మీదే ఉందండి."

"మన వైపు ఇలాంటిది చూడలేదండి. ఎక్కడినుంచో వలస వచ్చుంటుంది. ఆదివారం అందరం వస్తాం. అప్పటిదాకా ఉంటుందంటారా?"

"ఉంటుందండి. నన్ను చూడందే ఉండలేదు."

ఈ చివరి మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కానీ నా కోసం మనుషులు వస్తున్నారండీ. గది శుభ్రంగా ఊడ్చి, అందరికీ సరిపడా టీ గ్లాసులు కొన్నాను.

ఆదివారం బైకుల మీద గుంపుగా దిగారు. బాషా గారు ఫిరంగి లాంటి లెన్సు పెట్టి చాలాసేపు చూశారు.

"మీరు ఏ కంపెనీలో పని చేస్తానన్నారండీ?"

చెప్పాను.

"ఆ పేరు దాని పొట్ట మీద రాసుందండి, తలకిందులుగా."

ఆయన లెన్సులోంచి నేనూ చూశాను. వెదురు కర్రకి కట్టిన మేత బస్తా. రోజంతా నేను బిల్లులు రాసే బస్తా. ఇంతలో చెరువు యజమాని రాజు గారు గుంపుని చూసి కంగారుగా వచ్చారు.

"ఆ బస్తా మీరే కట్టారాండీ?" అన్నారు బాషా గారు.

"ఔనండి. చేపపిల్లల్ని వదిలాం, పక్షులు వాలకుండా కట్టాను. పక్షులన్నీ బెదిరి మానేశాయండి. ఈయనొక్కరే రోజూ వస్తున్నారు. దానితో ఏదో మాట్లాడతారు కూడానండి. మొక్కుబడేమోనని నేను అడ్డురాలేదు."

వచ్చినవాళ్లందరూ గట్టు మీద కూలబడి మరీ నవ్వారు. తర్వాత నిజం పక్షుల కోసం ఆటపాక వెళుతూ నన్నూ రమ్మన్నారు. పనుందన్నాను. ఆదివారం పూట గుమస్తాకి ఏం పనో ఎవరూ అడగలేదు. గదికొచ్చి, కొత్త గ్లాసుల్లో ఒకటి తీసి, ఒక్కణ్నే టీ తాగాను.

ఆ పూటే కెమెరా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట దేన్ని ఫొటో తీయాలన్నా ముందు చప్పట్లు కొడతాను, ఎగిరితేనే పక్షి. మనసులో మాట ఎవరికి చెప్పుకోవాలన్నా, ముందు ఊపిరి ఉందో లేదో చూసుకుని మరీ చెప్పుకుంటాను.