సులై గోదాములో స్ట్రాబెర్రీ పూత

ఈజిప్టు ఇంజనీరు ఎగ్జిట్ వీసా మీద దేశం వదిలి వెళ్ళిపోతూ గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. రియాద్‌లోని సులైలో మాది కూరగాయలు నిలవచేసే గోదాము. నేను అక్కడ ఏసీ మెకానిక్‌ని. మా వీసాలన్నీ ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ పెద్దాయన, మా కఫీల్, ఎక్కడో చూసొచ్చి ఒక గదిలో ఆరు ఇనుప రాక్‌లు వేయించాడు. వాటికి గులాబీ రంగు దీపాలు కట్టించి, కొబ్బరి పొట్టు నింపిన తొట్లలో స్ట్రాబెర్రీ మొక్కలు పెట్టించాడు. ఆ గదిలో మట్టి లేదు, ఎండ లేదు. చల్లదనం నా ఏసీలది, నీళ్ళు పైపులవి. ఇదంతా నడిపింది ఆ ఇంజనీరే. బయటి దేశపు మనిషి తలకు ఇంతని నెలనెలా కట్టమని ప్రభుత్వం లెవీ పెట్టాక కంపెనీ ఆయన్ని మోయలేకపోయింది.

మా ఊళ్ళో నాకు రెండెకరాలుండేది. బోరు ఎండిపోయాక కరీంనగర్‌లో ఏసీ పని నేర్చుకుని ఇటు వచ్చాను. అది తెలిసినందుకే కాబోలు, కఫీల్ అల్లుడు నన్ను పిలిపించాడు. గోదాముకు ఆయనే ముదీర్, అంటే మేనేజరు.

"నువ్వు రైతువే కదా. ఏసీలతో పాటు ఇవీ చూసుకో. ఈ చలికాలం దాటేలోగా కాయ కనిపించకపోతే గది మూసేస్తాను. నువ్వు కూడా అక్కర్లేదు" అన్నాడు.

మొక్కలేమో ఏపుగా ఉన్నాయి. ఆకులు అరచేతులంత, తీగలు రాక్ అంచులు దాటి వేలాడుతున్నాయి. పువ్వు మాత్రం ఒక్కటి లేదు. తీగలు కత్తిరించాను, ఎరువు నీళ్ళు తగ్గించి చూశాను. ఆకులు ఇంకా ఎక్కువ వచ్చాయి.

ఆ నెలలోనే ఇంకో దెబ్బ తగిలింది. నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ ఎరుపులోకి పడింది. సౌదీ వాళ్ళకు ఇవ్వాల్సినన్ని ఉద్యోగాలు ఇవ్వని కంపెనీ ఎరుపులో పడుతుంది. ఎరుపులో ఉంటే మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ఇఖామా లేని మనిషి రోడ్డు మీదికి రాలేడు. నాది ఇంకో మూడు నెలల్లో అయిపోతుంది. అందుకని ముదీర్ నలుగురు సౌదీలను పనిలోకి తీసుకున్నాడు. ముగ్గురి పేర్లు రిజిస్టరులో ఉన్నాయి గానీ మనుషులను నేను ఎప్పుడూ చూడలేదు. నాలుగో మనిషి మటుకు మొదటి రోజే పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి గది ముందు నిలబడింది.

ముప్పై దాటిన ఆవిడ. నల్లటి అబాయా, కళ్ళు తప్ప ఏమీ కనబడని ముసుగు, చేతిలో ఒక ఫైలు. ఆమెను వాళ్ళ తమ్ముడు కారులో దింపి వెళ్ళాడు. ముదీర్ ఇబ్బందిగా నవ్వి, "మీరు ఇంట్లోనే ఉండొచ్చు, జీతం బ్యాంకులో పడుతుంది" అన్నాడు. ఆమె, "నన్ను ఈ గదికి తీసుకున్నామని కాగితంలో రాశారు. గది చూస్తాను" అంది.

మగవాడితో ఒకే గదిలో పని కాబట్టి తలుపు బార్లా తీసి ఉంచాలన్నాడు ముదీర్. తీసి ఉంచితే చల్లదనమంతా పోతుంది. కోల్డ్ రూములకు వేలాడదీసే ప్లాస్టిక్ పట్టీల తెర ఒకటి తెచ్చి ఆ రోజే బిగించాను. బయటివాళ్ళకు లోపల అంతా కనబడుతుంది, చల్లదనమూ నిలుస్తుంది.

పనివాళ్ళం ఉండే క్యాంపులో నా పై మంచం జగిత్యాల వైపు ఆయనది. నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. సంగతి విని ఆయన ముఖం సీరియస్‌గా పెట్టాడు.

"తమ్మీ, ఆమె వచ్చింది నీ జాగకే. పని నేర్పినవంటే నీ ఎగ్జిట్ కాయిదం నువ్వే రాస్కున్నట్టు."

"మరి ఏం జెయ్యాల్నే?"

"ఏం అడిగినా తెల్వదను. రెండు వారాలైతే యాష్టకొచ్చి ఆమెనే పోతది."

నేను అలాగే చేశాను. దాచడం దేనికి, ఎనిమిది రోజులు ఆమె ఏది అడిగినా నాకు వచ్చిన కొద్దిపాటి అరబీలో తెలియదనే చెప్పాను. తీగ ఎందుకు కోస్తున్నావని అడిగితే తెలియదన్నాను. నీళ్ళు ఎప్పుడు పెట్టాలో ఎలా తెలుస్తుందంటే తెలియదన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. కుర్చీ వేసుకుని నా చేతులనే చూస్తూ నోట్‌బుక్కులో ఏదో రాసుకునేది. తొమ్మిదో రోజు నేను భోజనం చేసి వచ్చేసరికి, నేను పొద్దున్న చేసినట్టే తొట్టి ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూస్తోంది. బరువుగా ఉన్నవి పక్కన పెట్టి, తేలిగ్గా ఉన్నవాటికే పైపుతో నీళ్ళు పోస్తోంది. ఒక్కటి కూడా తప్పు లేదు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె నా వైపు తిరిగింది.

"సదీక్, నీకు అన్నీ తెలుసు. నాకు చెప్పడం నీకు ఇష్టం లేదు. ఎందుకో కూడా నాకు తెలుసు" అంది, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా. "నేను మొక్కల చదువు చదివి తొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చున్నాను. మొదటిసారి ఉద్యోగం వస్తే ఇంట్లోనే కూర్చోమన్నారు. నేను కూర్చోను. నువ్వు చెప్పకపోయినా నేర్చుకుంటాను. చెబితే తొందరగా నేర్చుకుంటాను. కాయ రాకపోతే మూసేది నా గది కూడా."

నాకు చాలా సిగ్గేసింది. ఆ మధ్యాహ్నం తొట్లన్నీ ఒకసారి తిప్పి చూపించాను. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది ఏమిటో కూడా చెప్పాను. పువ్వు ఎందుకు రావట్లేదో నిజంగానే నాకు తెలియదు.

మాట్లాడుతుంటే నాకు మా అమ్మ చామంతి మడి గుర్తొచ్చింది. పంచాయతీ వాళ్ళు మా వాకిట్లో దీపస్తంభం పాతిన ఏడు, దాని కిందున్న చామంతి ఆకు వేసింది గానీ మొగ్గ వేయలేదు. అదే మడికి అటు చివర, చీకట్లో ఉన్నవి మామూలుగానే పూశాయి. అమ్మ లైన్‌మన్‌తో గొడవపడి ఆ దీపం తీయించింది. ఈ గదిలో దీపాలు రోజుకు పద్దెనిమిది గంటలు వెలుగుతాయి. వెలుగు ఎక్కువైతే కాయ ఎక్కువని ఇంజనీరు పెట్టిన టైమరు అది.

వచ్చీరాని అరబీలో, చేతులతో చూపిస్తూ ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. మరునాడు మొక్కలు అమ్మిన కంపెనీ కాగితాలు వెతికి తీసి, తన పాత పుస్తకం పక్కన పెట్టి చదివింది. స్ట్రాబెర్రీలో రెండు రకాలట. ఒకటి పగలెంతున్నా వయసు రాగానే పూసేస్తుంది. రెండోది పొద్దు తగ్గితేనే పూస్తుంది. మనవాళ్ళు ధర తక్కువని కొన్నది రెండోది.

"మీ అమ్మ చెప్పింది నిజం" అంది.

టైమరు మార్చుదామని ముదీర్‌ని అడిగితే ఒప్పుకోలేదు. కఫీల్ సాయంత్రాలు అతిథులను తీసుకొచ్చి ఆ గులాబీ వెలుగు చూపించుకుంటాడు. ఆర్పేస్తే ఏం చూపిస్తాడు? ఆమె వాదించలేదు. "ఒక్క రాక్ ఇవ్వండి. మూలనున్నది. మిగతా ఐదూ మీ ఇష్టం" అంది. ముదీర్ సరేనన్నాడు.

నల్లగుడ్డ ఆమె తెచ్చింది, రెండు పొరలు కలిపి ఇంట్లో మిషన్ మీద కుట్టి. సాయంత్రం ఐదింటికి నేను ఆ రాక్ దీపాల ప్లగ్గు తీసి గుడ్డ దించేవాణ్ణి. పొద్దున్న ఏడింటికి గుడ్డ ఎత్తి ప్లగ్గు పెట్టేవాణ్ణి. గుడ్డలో చిన్న సందున్నా పక్క రాక్ వెలుగు లోపలికి పోతుంది. అందుకని అంచులకు అయస్కాంతం ముక్కలు కట్టాను. ఏసీ గాలి కూడా ఆ మూలకు మళ్ళించి చల్లదనం పెంచాను. శుక్రవారం సెలవు. అయినా క్యాంపు నుంచి నడిచి వచ్చేవాణ్ణి. ఒక రోజు ఇసుక తుపానులో ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాను. జ్వరం వచ్చిన రోజూ వచ్చాను. పై మంచం అన్న చూసి, "ఆ గడ్డి కోసం పానం తీస్కుంటున్నవ్" అన్నాడు.

నాలుగు వారాలు గడిచినా ఏమీ కనబడలేదు. ముదీర్ రోజూ గుమ్మం దగ్గర ఆగి చూసి పోయేవాడు. ఐదో వారం ఆమె కూడా మాట్లాడటం తగ్గించింది. ఆరో వారం ఒక పొద్దున్న గుడ్డ ఎత్తేసరికి ఆకుల మధ్య జొన్నగింజంత తెల్లటివి కనబడ్డాయి. వేలితో ఆకు తప్పించి చూశాను. మొగ్గలే. ఆమె వచ్చేవరకు ఆ రాక్ దగ్గరే నిలబడ్డాను. ఆమె వచ్చి చూసి, ఒక్కో తొట్టీ లెక్కపెట్టి, "పద్నాలుగు" అంది. వెంటనే వెనక్కి తిరిగి మిగతా ఐదు రాక్‌లూ వెతికింది. ఒక్క మొగ్గ లేదు.

ముదీర్ వచ్చి చాలాసేపు చూశాడు. మూసేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

తేనెటీగలు లేని గది కాబట్టి పువ్వులు విచ్చుకున్నాక పుప్పొడి మేమే అంటించాలి. ఆమె సంచిలోంచి మేకప్ బ్రష్షు, కొత్తది, కవరు చింపి ఇచ్చింది. పూటకొకసారి పువ్వు పువ్వుకూ దాన్ని గుండ్రంగా తిప్పేవాణ్ణి. నా గరుకు చేతులకు రెక్కలు రాలిపోతుంటే ఆమె తీసుకుని తిప్పి చూపించింది. అప్పటికి ఆమె పిలుపులో సదీక్ పోయి అఖూయ్ వచ్చింది. సదీక్ అంటే స్నేహితుడని, పనివాళ్ళందరినీ పిలిచే మాట; అఖూయ్ అంటే నా సోదరుడు అని. నేను ఆమెను ఉస్తాదా, అంటే పంతులమ్మా, అనేవాణ్ణి.

ఈలోగా కంపెనీ ఎరుపులోంచి బయటపడింది. తనిఖీకి వచ్చినవాళ్ళకు మిగతా ముగ్గురు సౌదీలు కనబడలేదు. ఈమె మాత్రం చేతికి కొబ్బరి పొట్టుతో ఎదురొచ్చి మొక్కల గురించి అరగంట చెప్పిందట. ఆ ముగ్గురి పేర్లూ కొట్టేసి పనికి వచ్చేవాళ్ళను పెట్టుకున్నాక ఆకుపచ్చ వచ్చింది. నా ఇఖామా రెన్యువల్ అయింది. అన్నకు మాత్రం కాలేదు. లెవీ భారం తగ్గించుకోవడానికి తీసేసిన ఏడుగురిలో ఆయన పేరు ఉంది. సామాను కట్టుకుంటూ, "నేను జెప్పినట్టు ఇనకపోవుడే మంచిదైంది తమ్మీ" అన్నాడు. నేను ఆయన పెట్టె తాడు బిగించాను.

మొదటి కాయలు పండిన రోజు ముదీర్ ఒక చిన్న డబ్బా నింపుకుని కఫీల్ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె రెండు కాయలు పక్కన పెట్టి నాకొకటి ఇచ్చింది. తనది ముసుగు కిందకు పోనిచ్చి తింది. నేనూ కొరికాను. చప్పగా ఉంది.

"నీళ్ళు ఎక్కువైనయి" అన్నాను తెలుగులోనే. ఆమెకు అర్థమైనట్టుంది. తల ఊపి నోట్‌బుక్కు తీసింది. ఆ మధ్యాహ్నమే మిగతా ఐదు రాక్‌లకు గుడ్డ ఎంత పడుతుందో కొలతలు తీసుకున్నాం.