జోగులమ్మ కాయితం పట్టా

గద్వాలలో చీరలకు అతుకు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, జోగులమ్మ అతుకు లెక్కే వేరు. పట్టు కొంగును నూలు చీరకు పోగు పోగుకూ కలిపి ఆమె చెయ్యి తీసిందంటే, గోరుతో గీరి చూసినా ఎక్కడ కలిసిందో దొరకదు. ఆ సంగతి వీధికంతా తెలుసు. తెలియనివాళ్లు ఎవరన్నా ఉంటే ఆమే చెబుతుంది, మొహమాటపడదు. యాభై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా అదే పని. మొగుడు రాములు మగ్గం మీద, ఆమె కుట్టుమిషను మీద. ఇద్దరికీ నడుమ ఒక గోడ, రోజుకు నాలుగు పోట్లాటలు.

ఒక్కగానొక్క కూతురు శ్రుతి మాత్రం దారం ముట్టుకోలేదు. చదువుకుని, పరీక్ష రాసి, నల్లమల అడవిలో బీట్ ఆఫీసరైంది. ఉద్యోగం వచ్చిన వారం రోజులూ జోగులమ్మ ఏడ్చింది, తిట్టింది, సాలోళ్ల పిల్లకు పులులతో ఏం పని అని దేవుడితో కూడా తగవు పెట్టుకుంది. ఎనిమిదో రోజు నుంచి పాలు పోసేవాడిని ఆపి మరీ, మా పిల్ల పులులను లెక్కబెడుతుందని చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఆ సంబరం ఒక్క ఏడాదే. పోయిన చలికాలంలో శ్రుతి గుట్టలెక్కే డ్యూటీకి పోతూ, బజారులో కొన్న వానపట్టా మూడు కిలోలుందని, నీళ్లూ తిండీ మోసుకుంటూ దాన్ని కూడా మోయలేక కిందనే వదిలిపెట్టింది. సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. తడి బట్టల్లో వణికి వణికి, నిమ్ము చేసి, వారం రోజులు దవాఖానలో పడుకుంది. ఇంకోసారి గిట్ల తడిస్తే కష్టమమ్మా అన్నాడు డాక్టరు. ఆ మాట జోగులమ్మ చెవిలో గూడు కట్టుకుంది.

"అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు మనది. మూడు కిలోల పట్టా నా బిడ్డ ఎందుకు మొయ్యాలె?" అంది రాములుతో. రాములు మగ్గం మీద నాడె విసురుతూనే ఉన్నాడు. పెళ్లాం ఏదన్నా తలకెత్తుకుందంటే అడ్డుపడి లాభం లేదని అతనికి పెళ్లయిన మొదటి వారంలోనే తెలిసిపోయింది.

దారి చూపింది తమ్ముడు సురేష్. అలంపూర్ వాడే గానీ పని హైదరాబాదులో, పెద్ద పెద్ద భవనాలు కట్టే చోట. అక్కడ గోడలకు చుట్టే తెల్లటి షీటు ముక్కలు మిగిలితే పారేస్తారట. ఒక చుట్ట తెచ్చి అక్క ముందు పడేశాడు. పట్టుకుంటే కాయితం, లాగితే చిరగదు, నీళ్లు పోస్తే దిగవు. చీరంత ముక్కను మడిచి అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. జోగులమ్మ దానికి కాయితం పట్టా అని పేరు పెట్టేసింది.

ఒక్కటే ఆమెకు పడలేదు, దాని చప్పుడు. కదిపితే చాలు గరగరమంటుంది. అలాంటి చప్పుడు ఆమె ఇంతకుముందొకసారి విని ఉంది. రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర పొంగినప్పుడు, ఏడేళ్ల శ్రుతిని తీసుకుని అలంపూర్ పుట్టింట్లో ఉండి చిక్కుకుపోయింది. ఇల్లు మునిగింది. మిట్ట మీద నల్లటి ప్లాస్టిక్ కవరు కింద తల్లీబిడ్డలు పది రోజులున్నారు. గాలికి ఆ కవరు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ ఆమెకు గుండెలో దడ. కన్నబిడ్డకు ఓ నీడ కూడా ఇయ్యలేకపోతినే అన్న మాట అప్పటి నుంచి లోపల ముల్లులా ఉంది. ఎవరితోనూ అనలేదు, రాములుతో కూడా.

సరే, చప్పుడుకు మందు ఆమె దగ్గరే ఉంది. కాయితం పట్టాను సబ్బునీళ్ల తొట్టిలో వేసి కాళ్లతో తొక్కింది. ఆరబెట్టి మళ్లీ తొక్కింది. మూడోసారికి అది పాత పంచెలా మెత్తబడి నోరు మూసుకుంది. ఇస్త్రీ పెట్టబోతే మాత్రం ఒక మూల వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది. ఇస్త్రీకి ఓ దండం పెట్టి పక్కన పెట్టేసింది.

గుడారంలా కట్టుకుని కింద పడుకోవడానికి షీటు వెడల్పు ఒక మనిషికి చాలదు. అందుకని రెండు ముక్కలను పొడుగునా కలిపి కుట్టాలి. ఆ కుట్టు సరిగ్గా నడినెత్తిన వస్తుంది. గాలి లాగినా, తాడు లాగినా బరువంతా దాని మీదే. జోగులమ్మ తన పనితనమంతా అక్కడ పెట్టింది. మిషను కుట్టును అన్నింటికన్నా చిన్నదిగా తిప్పి, నువ్వుగింజ పట్టే సందు కూడా లేకుండా రెండు వరుసలు దట్టంగా కుట్టింది. పైన జిగురు పట్టీ అంటించింది. రాములు గోడ పక్క నుంచి తొంగి చూసి, అది గుడ్డ కాదు గదా, గంత దగ్గర కుట్టెందుకు అన్నాడు. నీ మగ్గం సంగతి నువ్వు చూసుకో అందామె. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పట్టా మొత్తం కలిపి అరకిలో కూడా తూగలేదు. శ్రుతి దాన్ని కొబ్బరికాయంత మూట చేసి సంచిలో వేసుకుని, అమ్మను గట్టిగా వాటేసుకుంది. రాములు ఎప్పటిలాగే మగ్గం చివర మిగిలిన నూలు పోగులు పేని, ఒక ఉండ చుట్టి సంచి జేబులో కుక్కాడు. ఇంట్లోంచి ఎవరు ఊరు దాటినా ఆ ఉండ పోవాల్సిందే. అదొక పిచ్చి అతనికి. అడవిలో దారంతో ఏం చేస్తది, పులికి జడ వేస్తదా అని జోగులమ్మ నవ్వింది. సోమవారం పోయిన పిల్ల, మూడు రోజులు అడవిలోనే ఉండి పులుల గుర్తులు చూసుకుని, బుధవారం సాయంత్రానికి మన్ననూరు ఆఫీసుకు తిరిగి రావాలి.

మంగళవారం తుఫాను పట్టింది. పొద్దుగూకేదాకా ఒకటే వాన. జోగులమ్మకు భయం లేదు. నా పట్టా ఉంది గదా అని రాములుకు రెండుసార్లు చెప్పింది.

బుధవారం తెల్లవారగానే మిగిలిన ముక్కలతో శ్రుతికే ఇంకో సంచి కుడదామని కూర్చుంది. అదే కుట్టు, అదే పట్టీ. అయ్యాక అలవాటుగా రెండు చేతులా పట్టుకుని లాగింది. పర్రుమని, ఆ కుట్టు గీత వెంట, మాత్రల అట్ట విరిగినట్టు రెండుగా విడిపోయింది. ఆమెకు అర్థం కాలేదు. ఇంకో ముక్క కుట్టి లాగింది. అదీ అంతే.

అప్పుడు తెలిసింది. గుడ్డకు పోగులుంటాయి, సూది వాటి నడుమ దూరిపోతుంది. ఈ షీటుకు పోగులే లేవు. సూది దిగిన ప్రతిచోటా బొక్కే, ఆ బొక్క మళ్లీ పూడదు. ఎంత దగ్గరగా కుడితే అంత చక్కగా చిరుగుతుంది. ముప్పై ఏళ్లు వీధంతా మెచ్చుకున్న చెయ్యి, కూతురి నెత్తి మీద పట్టాను చింపడానికి గీత గీసి ఇచ్చింది.

ఆ ముక్క చేతబట్టుకునే లేచింది. శ్రుతికి ఫోను చేస్తే అందుబాటులో లేరన్న మాటే. రాములుకు చూపిస్తే అతను ఆ చిరుగును వేలితో తడిమి, తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అన్నా ఆమెకు తేలికయ్యేది.

"నేను పోత," అంది.

"పోయి ఏం జేస్తవ్? వాన పడ్డది, అయ్యేది అయ్యింది."

"పిల్లను జూస్త."

జిగురు డబ్బా, మిగిలిన షీటు చంకన పెట్టుకుని బస్సెక్కింది. అవి ఎందుకో ఆమెకే తెలియదు. వనపర్తి దాకా వాన తుంపరే. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారేటప్పటికి కుండపోత. పక్క సీటు ఆమె ఎక్కడికమ్మా అని అడిగితే, దవాఖానకు అని నోరు జారి, తన నోటిని తానే కొట్టుకుంది. అచ్చంపేట దాటాక చెట్లు దగ్గరపడ్డాయి. ఏ చెట్టును చూసినా దాని కింద తడిసి ముద్దయిన పిల్ల కనిపించింది. దేవుళ్లందరికీ మొక్కింది. పుట్టింటి జోగులాంబకు, అత్తింటి జమ్ములమ్మకు ఒకటికి రెండుసార్లు మొక్కింది. ఇక మీద నా పనితనం గురించి ఎవరితోనూ గొప్పలు చెప్పనని ఒట్టు కూడా పెట్టుకుంది.

మన్ననూరు ఆఫీసు వరండాలో కూర్చోమన్నారు. టీ ఇచ్చారు. అది చల్లారిపోయింది. నాలుగు దాటాక జీపు వచ్చింది.

ముందు హన్మమ్మ అనే చెంచు వాచరు దిగింది. వెనక శ్రుతి. బురద బూట్లు, చెదిరిన జుట్టు. అమ్మను చూసి నోరు తెరిచింది. జోగులమ్మ పరుగెత్తిపోయి, నుదురు చూసింది, మెడ చూసింది, చొక్కా పట్టుకుని చూసింది, వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరి విన్నది. చొక్కా పొడి. ఒళ్లు చల్లగా, మామూలుగా ఉంది. హన్మమ్మ పకపకా నవ్వింది.

"పట్టా చిరగలేదా బిడ్డా?"

"చిరిగింది గదా," అంది శ్రుతి తేలిగ్గా. "మంగళారం మొదటి గాలికే నడిమికి రెండైంది."

సంచిలోంచి తీసి చూపింది. విడిపోయిన అంచులను ఒకదాని మీద ఒకటి ఇంటి పెంకుల్లా జానెడు ఎక్కించి ఉంది. జానెడుకొకటి చొప్పున లోపల గులకరాయి పెట్టి, బయటి నుంచి షీటును దాని చుట్టూ మూటలా నొక్కి, ఆ మూట మెడకు నూలు తాడు బిగించి కట్టి ఉంది. సూది పోటు లేదు, బొక్క లేదు. రాములు పేనిన ఉండ ఇక వేలెడే మిగిలింది.

జోగులమ్మ ఆ ముడులను ఒక్కొక్కటే వేళ్లతో తడిమింది. పద్నాలుగున్నాయి. ఒక్కటీ వదులు కాలేదు.

"గిది ఎవరు నేర్పిన్రే నీకు?"

శ్రుతి అమ్మ ముఖంలోకి వింతగా చూసింది. "నువ్వే గదమ్మ. అలంపూర్‌ల, వరదప్పుడు. నల్ల కవరు గాలికి లేస్తుంటే నువ్వు నీ చీర కొంగు చింపి, రాళ్లు పెట్టి గిట్లనే కట్టినవ్. నేను రాళ్లు ఏరి ఇచ్చిన. నీకు యాదికి లేదా?"

లేదు. ఆ పది రోజుల్లో ఆమెకు జ్ఞాపకమున్నది చప్పుడు, ఆకలి, నీళ్లు. చేతులు ఏం చేశాయో అసలు జ్ఞాపకం లేదు.

"మస్తు తడిసినవ్ గదా బిడ్డా అప్పుడు," అంది జోగులమ్మ.

"నేనా? నేనెక్కడ తడిసిన? నువ్వు బయట కూసుంటివి, నన్ను లోపల పెడ్తివి."

జోగులమ్మ వరండా మెట్టు మీద కూలబడింది. ఏడ్చింది, నవ్వింది, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ ఏడ్చింది. పదిహేనేళ్ల పైచిలుకు ముల్లు ఒక్క మాటతో బయటికొచ్చింది. హన్మమ్మ ఆమె చేతిలో వేడి టీ పెట్టింది. ఈసారి తాగింది.

ఫోను మోగింది. రాములు. పొద్దున్నుంచి మగ్గం మీద కూర్చోలేదని గొంతులోనే తెలుస్తోంది. ఒక్కటే అడిగాడు, పిల్ల తడిసిందా అని.

"తడవలే," అంది జోగులమ్మ. "అప్పుడు గూడ తడవలేదంట."

రాములు గొంతు సవరించుకుని, నువ్వేమన్నా తిన్నవా అని అడిగాడు.