పెన్‌డ్రైవ్ పెట్టే హక్కు

నగరిలో మరమగ్గాలకు డిజైన్లు గీసే ఒక కొట్లో కంప్యూటర్లలో విండోస్ బదులు లైనక్స్ పెట్టింది నేనే. అందులో పెన్‌డ్రైవ్ గుచ్చగానే సరిపోదు. దాన్ని తెరిచే హక్కు ఎవరెవరికి ఉందో ముందే రాసిపెట్టాలి. డిజైన్లు గీసే అక్కకు ఆ హక్కు రాసిచ్చాను. ఆమె చీర అంచు గీసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మగ్గానికి పంపేది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

ఒకరోజు అక్క గీసిన నెమలి అంచు పుత్తూరు బజారులో ఇంకెవరి చీర మీదో కనిపించింది. పెన్‌డ్రైవ్‌లోనే బయటికి పోయిందని కొట్టు ఓనరు మండిపడ్డాడు. నన్ను పిలిపించి, "ఇంక నా పాస్‌వర్డ్ లేకుండా ఈడ ఎవురూ పెన్‌డ్రైవ్ తెరవకుండా చెయ్యప్పా" అన్నాడు.

"చీర అంగట్లోకి వచ్చినాక ఎవరైనా ఫోటో తీసి గీసుకుంటారన్నా" అన్నాను. వింటేనా! హక్కు తీసేయించాడు.

అప్పటినుంచి ప్రతి డిజైన్‌కూ అక్క ఆయన్ను పిలవాలి. ఆయన పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆమె లేచి గోడవైపు తిరిగి నిలబడేది. తిరగమని ఎవరూ చెప్పలేదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అదీ చాలలేదు. అక్కను కాణిపాకం వినాయకుడి గుళ్లో ప్రమాణం చెయ్యమన్నాడు. మావైపు కోర్టుకన్నా ముందు గుర్తొచ్చేది ఆ గుడే. అక్క కాదనలేదు. దొంగ అన్న పేరు పడితే నగరిలో ఆమెకు ఇంకెవరూ పని ఇవ్వరు. సాక్షిగా నన్నూ తీసుకెళ్లారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, డిజైన్ ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. పక్కన ఓనరు భక్తిగా చెంపలు వేసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే ఆయన ఫోన్ చేశాడు. "ఆయమ్మ నిజమే చెప్పినాది లేబ్బా. మళ్లా ఎప్పట్లాగే ఇచ్చేయ్."

పరుగున వెళ్లాను. ఒక్క వరుస రాస్తే పని అయిపోయింది. "అక్కా, ఇంక ఎవర్నీ పిలవాల్సిన పనిలేదు. పెట్టి చూడు" అన్నాను.

ఆమె పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఓనరు బల్లమీద పెట్టింది.

"మీరే పెట్టండన్నా. రేపు ఇంకోటి బజార్లో కనపడితే మళ్లా యాడికి పోయి తడవాల నేను?"

అని, ఎప్పటిలాగే గోడవైపు తిరిగి నిలబడింది.