ఎడమ ముందు చక్రం

తుపాను వెలిసిన మూడో రోజున మా జీపు మొదటిసారి మూలిగింది. మూలకుళంలో మా వీధి నడుం లోతు నీళ్ళలో ఉన్నప్పుడు ఆ జీపును రెండుసార్లు బయటికి తీశాను. ఒకసారి పక్కింటి అవ్వను ఆసుపత్రికి చేర్చడానికి, రెండోసారి, దాపరికం ఎందుకు, గొప్పకోసం. నీళ్ళు తీశాక ఆఫీసుకు పోతుంటే వేగం నలభై దాటగానే ఎడమ ముందు చక్రం దగ్గర్నుంచి సన్నగా మొదలైంది. స్టీరింగు కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే తగ్గుతుంది.

"పెద్ద టైర్లు కదా, అట్లనే అరుస్తాయిలే," అన్నాడు మా ఆయన.

"టైరు అరిస్తే నాకు తెలీదా?"

"తెలిస్తే నన్నెందుకు అడుగుతుండావు?"

అడిగింది ఎందుకంటే ఇంకో పది రోజుల్లో కొల్లిమల ప్రయాణం పెట్టుకున్నాం. నేను, మా ఆయన, మా పిల్ల, మా తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు. మొత్తం ఏడుగురం ఆ జీపులోనే. కొండెక్కే రోడ్డంతా ఒకదాని నెత్తిన ఒకటి హెయిర్‌పిన్ మలుపులు. పక్కనే లోయ. చక్రం మీద భారం పడేది మలుపులోనే, అది ఊడితే ఊడేది కూడా అక్కడే. ఈ మాట ఇంట్లో అంటే, శుభమా అని బయల్దేరుతుంటే ఏం నోరు నీదని తిడతారు. అందుకని అనలేదు, కానీ రోజూ అదే ఆలోచన.

ఏదో ప్రభుత్వ శాఖవాళ్ళు ముసలిదైపోయిందని వదిలించుకున్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపు అది. తీసుకున్నప్పుడు అడుగు రేకులో చెయ్యి పట్టేంత కన్నం ఉండేది. ఉప్పుగాలి ఊరు కదా, ఇనుము ఇక్కడ ఊరికే బతకదు. నాలుగేళ్ళలో నేను దానికి చేయించని పని లేదు. రేకు మార్పించాను, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించాను, పవర్ స్టీరింగ్ పెట్టించాను, ఎత్తు పెంచాను. ఆఖరికి వెడల్పు రిమ్ములు, ఎత్తు టైర్లు వేయించాను. ఆ ఆఖరి పనే వద్దన్నాడు మామ.

"వద్దు పాపా. చక్రం బయటికి తొంగి చూస్తే బరువంతా బేరింగు మీద పడతాది. చూసేదానికి బాగుంటాది, అంతే."

నేను వింటేనా! బండి రోడ్డు మీద పోతుంటే జనం తిరిగి చూడాలని నాకు ఆశ. నలభై దాటిన ఆడదానికి ఇదేం పిచ్చి అని మా అత్తగారు మొహం మీదే అనేది. పిచ్చే.

మామంటే చుట్టం కాదు, మా మేస్త్రి. ఉప్పళంలో సందు మలుపులో ఆయన షెడ్డు, వెనకే ఇల్లు. మాలాగే తరాల క్రితం ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మా నాన్న స్కూటరు బాగుచేసిన రోజుల నుంచి మామా అనే పిలుస్తాను. ఆయన దగ్గర మూరెడు ఇనుప కమ్మీ ఒకటి ఉండేది, ఒక కొన అరిగి నున్నగా అయినది. ఆ కొన చెవి దగ్గర ఆనించుకుని, రెండో కొన ఇంజనుకో, గేరుపెట్టెకో, చక్రానికో తగిలించి కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. వినడం అయ్యాక కళ్ళు తెరిచి, లోపల ఏ పన్ను విరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే విరిగి ఉండేది. చెవి మేస్త్రి అనే పేరు అట్లా వచ్చింది. పెద్ద పెద్ద షోరూముల్లో పనిచేసేవాళ్ళు కూడా గుట్టుగా బండి తోలుకొచ్చి ఆయన చేత వినిపించుకుని పోయేవాళ్ళు.

ఈ మూలుగు వినిపించడానికి నేను పోయిన రోజున షెడ్డులో ఒక స్కూలు వ్యాను నిలబడి ఉంది. అదీ వాననీళ్ళలో తిరిగినదే. డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ వెనక చక్రానికి కమ్మీ ఆనించి, విని, లేచాడు.

"ఏం లే. బాగుండాది. తోలుకో పో."

డ్రైవరు దణ్ణం పెట్టి వ్యాను తీశాడు. తర్వాత నా వంతు. జాకీ ఎత్తి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు. ఎక్కడా వదులు లేదు. కమ్మీ ఆనించుకున్నాడు. నేను చక్రం తిప్పాను.

"ఏం లే పాపా. టైరు శబ్దం. సుమ్మా ఊరికే భయపడబాక."

ప్రాణం లేచొచ్చింది. ఆయన బాగుందంటే బాగున్నట్టే కదా. పాటలు పెట్టుకుని ఇంటికి బయల్దేరాను. పెద్ద రోడ్డెక్కి నలభై దాటగానే పాట వెనకనుంచి అదే మూలుగు. పాట ఆపేశాను.

నాలుగు రోజులు గడిచేసరికి మూలుగు ముప్పైకే మొదలవుతోంది. మళ్ళీ పోయాను. అత్త, అంటే మామ భార్య, లోపలినుంచి కాఫీ అని కేకేసింది. ఆయన పలకలేదు. ఆమె వచ్చి భుజం తట్టి గ్లాసు చేతికిచ్చి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. అదీ నాకు తట్టలేదు. నా గొడవ నాది.

మళ్ళీ జాకీ, మళ్ళీ కమ్మీ. ఆయన కళ్ళు మూసుకున్నాడు, నేను చక్రం తిప్పుతున్నాను. నా ఫోను మోగింది. తమ్ముడు. కొండ మీద గది దొరికింది అక్కా అంటున్నాడు. చక్రం మీంచి చెయ్యి తీసేశాను. చక్రం ఇంకొక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. ఫోను పెట్టేసి చూద్దును కదా, మామ ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిలబడిపోయిన చక్రానికి కమ్మీ ఆనించి, తల కొద్దిగా వంచి, శ్రద్ధగా వింటున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. చాలాసేపు విన్నాడు. తల ఆడించాడు కూడా.

"ఏం లే పాపా," అన్నాడు కళ్ళు తెరిచి. "శుద్ధంగా ఉండాది."

నా ఒళ్ళు చల్లబడింది. సరే మామా అని బండెక్కాను. నేనేనా ఆ సరే అన్నది అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. నా నోటికి ఇంట్లో అందరూ భయపడతారు, ఆఫీసులో పెద్దసారు కూడా జంకుతాడు. కానీ ఆ ముసలాయన మొహం మీద, నీకు చెవులు పోయాయి మామా అని ఎట్లా అనేది? చెవులు తప్ప ఆయనకు ఏముంది? ఇంకో షెడ్డుకు పోతే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చెవి మేస్త్రి చూసే బండి ఆయన్నే కాదని వచ్చిందంటారు. రెండు రోజులు నోరు మూసుకుని ఉన్నాను. ఇంట్లో సంచులు సర్దుతున్నారు. అవెంత బరువో, ఏ చక్రం మీద ఎంత పడుతుందో అని నేను లెక్కలు వేస్తున్నాను.

ప్రయాణం శనివారం. శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి, పిల్ల బడికి పోగానే వాకిట్లో గోనెపట్టా పరిచాను. చక్రం విప్పి బేరింగుకు గ్రీజు పట్టించడం మామే నాకు నేర్పాడు, నాలుగేళ్ళ కిందట. ముందు బ్రేకు పక్కకు తీసి కట్టాను. తర్వాత మూత, నట్టు, వాషరు. గ్రీజు కనపడింది. నల్లగా ఉండాల్సింది పాలు పోసిన కాఫీలా తెల్లబడి ఉంది. నేను గొప్పకోసం దాటిన నీళ్ళు అన్నాళ్ళూ లోపలే ఉన్నాయి. బేరింగు బయటికి తీసి కిరసనాయిల్లో కడిగేసరికి మధ్యాహ్నం దాటింది. రోలర్లు వేడికి నీలం తిరిగి, పొక్కులు లేచి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే రేకు ఒకచోట చీలింది. మర్నాడు ఈ పాటికి మేము కొండ మీద ఉండేవాళ్ళం. వెనక సీటులో నలుగురు, అందులో ముగ్గురు పిల్లలు. గోనెపట్టా మీద అట్లాగే కూలబడ్డాను.

భయం తగ్గేసరికి కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఆ బేరింగు కాగితంలో చుట్టుకుని మా ఆయన స్కూటరు మీద ఉప్పళం చేరేదాకా దారిలో ఏం దాటానో గుర్తులేదు. షెడ్డులో మామ ఒక్కడే ఉన్నాడు. కాగితం విప్పి బేరింగు ఆయన చేతిలో పెట్టాను.

"ఇది టైరు శబ్దమా మామా? ఏడుగురు ఎక్కాల్సిన బండి! నీకు వినపళ్ళా? చెప్పు, వినపళ్ళా?"

సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. అత్త గుమ్మంలోకి వచ్చింది.

"అరవబాక పాపా," అన్నాడాయన. "అరిచినా ఒకటే. నా మొగం చూసి మెల్లగా మాట్లాడు, తెలస్తాది."

బేరింగును వేళ్ళతో తిప్పాడు. ఒక్క చుట్టు తిప్పేసరికే ఆయన మొహం మారిపోయింది. చెవికి అందనిది వేళ్ళకు అందింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

అత్త చెప్పింది. "రెండేండ్లు. డాక్టరు చెప్పినాడు. మిషను పెట్టుకోమంటే, చెవి మేస్త్రి చెవిలో మిషనా అంటాడు. నేనేం చేసేది?"

"అంతకు ముందంతా విన్నాను కదా పాపా," అన్నాడు మామ. "అదే అందాజులో చెప్తా ఉంటి. చానా వాటికి సరిపోతా ఉండె. ఎవురన్నా పట్టుకుంటే ఆపేద్దామనుకుంటి. ఎవురూ అడగలే. నేను బాగుందంటే దణ్ణం పెట్టి పోతా ఉండారు."

ఆ దణ్ణం మాట వినగానే నా కోపం ఎటు పోయిందో, వ్యాను డ్రైవరు పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. ఆయన మొహానికి ఎదురుగా నిలబడి అడిగాను.

"మామా, ఆ స్కూలు వ్యాను?"

ఆయన లోపలికి పోయాడు. చొక్కా తొడుక్కుని వచ్చి స్కూటరు వెనక కూర్చున్నాడు.

ఆ వ్యాను గోరిమేడు దగ్గరి బడిది. మేము పోయేసరికి బడి వదిలి చాలాసేపయింది. గేటు దగ్గర కావలివాడు, మొదటి ట్రిప్పు పోయింది, రెండో ట్రిప్పుకు వస్తాది అన్నాడు. గేటు లోపల వరసగా కూర్చున్న పిల్లలు ఉన్నారు. మామ రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. వెనక బస్సు హారన్ కొడుతోంది, ఆయనకు తెలియడం లేదు. చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. వ్యాను రావాల్సిన టైము దాటింది. ఇంకో పది నిమిషాలు దాటింది. ఆ పది నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు.

వ్యాను వచ్చింది. నేను ముందు విన్నాను, తర్వాత చూశాను. అదే మూలుగు, నా జీపుదానికన్నా ముతకగా. డ్రైవరు మామను చూసి నవ్వి, దణ్ణం పెట్టి దిగాడు. "ఏం మేస్త్రీ, ఇంత దూరం?" అన్నాడు. నేను వెనక చక్రం దగ్గర వంగి, దాని నడిమి హబ్బు మీద అరచెయ్యి ఆనించాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. కెవ్వుమన్నాను.

ఆ కేక మామకు వినపడలేదు. నేను చెయ్యి వెనక్కు లాక్కోవడం చూశాడు. వచ్చి, నా అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎర్రబడ్డచోటు చూశాడు. కావలివాడికి చెప్పి పిల్లలను గేటు లోపలే ఆపించాను. ఇంకో బండి వచ్చి వాళ్ళను తీసుకుపోయేదాకా ఉన్నాం. కొల్లిమల ప్రయాణం మానేశాం. ఇంట్లో అందరూ నన్నే తిట్టారు, తిట్టనీ.

ఆ సాయంత్రం బండి పిల్లలను తీసుకుపోయేసరికి మామ బడి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నేను సంచిలోంచి కాగితం, పెన్ను తీసి పక్కన కూర్చున్నాను. వాన తర్వాత ఆయన విన్న బండ్లన్నీ చెప్పమన్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి తమిళంలోనే రాశాను. పూలమార్కెట్టు టెంపో. చేపల బండి. పెళ్ళిళ్ళకు తిప్పే మినీబస్సు. తొమ్మిది దాకా చెప్పి ఆగిపోయాడు. కాగితం అందుకుని మొదటినుంచి చదువుకున్నాడు. నా వైపు తిరిగి మెల్లగా, మాట మాటకూ ఆగుతూ అన్నాడు.

"ఇంకా ఉండాయి పాపా. గుర్తు రావడం లే."